చక్రం చిమ్మే బురద ఎటు పోతుంది?

హైదరాబాద్ పాతబస్తీలో, బహదూర్‌పురా దగ్గర నెహ్రూ జూపార్కుకు సమీపంలో సుధా కార్ల మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, కంప్యూటర్... ఆకారం ఏదైనా సరే, దానికి ఇంజనూ చక్రాలూ అమర్చి నడిపించి చూపిన కె. సుధాకర్ 2010లో ఆ మ్యూజియం తెరిచారు. అంతకు ఐదేళ్ల ముందే, 2005 జులై 1న, ఆయన హైదరాబాద్‌లో ఒక మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. దాని ఎత్తు 12.67 మీటర్లు. చక్రం వ్యాసం 5.18 మీటర్లు, అంటే 17 అడుగులు.

ఇప్పుడు మరో చక్రాన్ని తలచుకోండి. తొలకరి పడి నేల మెత్తబడ్డ ఆదివారం పూట, ఖాళీ జాగాలో ఒక కుర్రాడు రిమోట్ పట్టుకుని ఆఫ్‌రోడ్ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) కారు నడుపుతున్నాడు. అసలు కారులో పదో వంతు సైజు. చక్రం వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు, గుప్పిట్లో పట్టేంత. నీటి గుంటలోంచి దూసుకుపోయి పల్టీ కొట్టి నిలబడేసరికి కారు రంగేదో గుర్తుపట్టలేం. ఇంటికి తెచ్చి మూత విప్పితే మోటారు మీద, గేర్ల మధ్య, ముందు చక్రాలను పక్కలకు తిప్పే సర్వో చుట్టూ అంతా మట్టే.

ఒకే వేగంలో పోతే, పై రెండు చక్రాల్లో బురదను ఎక్కువ బలంగా విసిరేది ఏది? పెద్దదేనని చాలామంది అంటారు. కాదు, చిన్నదే. ఎందుకో తెలిస్తే ఆర్‌సీ కారుకు మడ్‌గార్డు ఎందుకు కావాలో, ఎక్కడ కావాలో రెండూ తెలుస్తాయి.

చిన్న చక్రం విసురు

తిరిగే చక్రం అంచు మీద ఉన్న మట్టి చక్రంతో పాటే తిరగాలంటే దాన్ని ఏదో ఒకటి లోపలికి లాగి పట్టుకోవాలి. ఎంత గట్టిగా లాగాలి? అంచు వేగాన్ని వర్గం చేసి, వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. లెక్క కోసం రెండు చక్రాలూ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు పోతున్నాయనుకుందాం. 17 అడుగుల చక్రం మీద మట్టిని పట్టి ఉంచాలంటే దాని బరువుకు దాదాపు నాలుగు రెట్ల బలం చాలు. 10 సెంటీమీటర్ల చక్రం మీదైతే సుమారు 200 రెట్లు కావాలి. వేగం ఒకటే, కాని చిన్న చక్రం వంపు బిగువు. ఆ వేగంలో అది నిమిషానికి దాదాపు 1,900 సార్లు తిరుగుతుంది. మామూలు కారు చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు అనుకుంటే దానికి కావలసింది 34 రెట్లే.

వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలు అవుతుంది. గంటకు 72 కిలోమీటర్లు అందుకునే ఆర్‌సీ కార్లు ఉన్నాయి. వాటి చక్రం మీది మట్టికి 200 రెట్లు కాదు, 800 రెట్లు కావాలి.

మరి మట్టిని టైరుకు అంటిపెట్టేది ఏమిటి? నీటి తలతన్యత. ఆకు మీద వాన చుక్కను జారిపోకుండా పట్టి ఉంచేదీ అదే. ఈ పట్టు చుక్క వ్యాసాన్ని బట్టి పెరుగుతుంది. విడిపోవాలనే తోపు మాత్రం చుక్క బరువును బట్టి, అంటే వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే చుక్క పెద్దదయ్యే కొద్దీ పట్టు ఓడిపోతుంది. స్థూలంగా లెక్క వేస్తే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 17 అడుగుల చక్రం మీద ఒక మిల్లీమీటరు చుక్క కూడా నిలవగలదు. మన చిన్న చక్రం మీద మిల్లీమీటరులో ఐదో వంతు దాటిన చుక్కలు నిలవవు. అంతకన్నా పెద్దవన్నీ ఎగిరిపోతాయి. బొమ్మ కారేగా, దానికి మడ్‌గార్డు దేనికి అనుకోవడం పొరపాటు. కారు చిన్నదయ్యే కొద్దీ బురద విసురు పెరుగుతుంది.

వడిసెల చెప్పే పాఠం

విడిపోయిన మట్టి ఎటు పోతుంది? వడిసెల తిప్పిన వాళ్లకు జవాబు తెలుసు. రాయి వదిలిన క్షణంలో వృత్తంలో తిరుగుతూ పోదు, ఆ క్షణంలో ఉన్న దిశలోనే తిన్నగా పోతుంది. చక్రం మీది మట్టీ అంతే.

కారులో కూర్చుని చూస్తున్నట్టు ఊహించుకోండి. కారు ముందుకు పోతుంటే, చక్రం అడుగుభాగం వెనక్కు కదులుతుంది. వెనక అంచు పైకి లేస్తుంది. పైభాగం ముందుకు తిరుగుతుంది. కాబట్టి నేలను వదిలిన వెంటనే ఊడిన మట్టి వెనక్కు, కొంచెం పైకి పోతుంది. చక్రం వెనక అంచు దాకా వచ్చి ఊడింది నిట్టనిలువుగా లేస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో నిలువుగా లేచిన చుక్క, అడ్డు లేకపోతే, గాలి నిరోధాన్ని పక్కన పెడితే 5 మీటర్ల ఎత్తుకు పోగలదు. ఇంకా పైదాకా అంటుకుని వచ్చింది ముందుకు దూకుతుంది. బరువైన ముద్దలు నేలను విడిచిన కాసేపటికే ఊడతాయి. సన్నటి తుంపర చక్రంతో పాటు పైదాకా తిరుగుతుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే ఇంట్లో ఉన్న ముగ్గుపిండి చాలు. టైరును కాస్త తడిపి, ముగ్గుపిండి అద్దండి. కారు అడుగున ఒక ఇటుక పెట్టి చక్రాలు గాలిలో ఉండేలా నిలబెట్టండి. చక్రం పక్కన, వెనక, పైన నల్ల కాగితం కట్టండి. కళ్లకు అద్దాలు పెట్టుకుని, థ్రాటిల్‌ను కొద్దిగా మాత్రమే నొక్కి వెంటనే వదలండి. నేల పట్టు లేని చక్రం ఇట్టే వేగం అందుకుంటుంది కాబట్టి పూర్తిగా నొక్కకూడదు, చేతివేళ్లు దగ్గరకు రానివ్వకూడదు. కాగితం మీద తెల్లటి పట్టీ పడుతుంది. దాని వెడల్పు దాదాపు టైరు వెడల్పే, పక్కలకు చాలా కొద్దిగా చెదురుతుంది. బురద ఇష్టం వచ్చినట్టు ఎగరదని, దానికో దారి ఉందని ఆ పట్టీ చూపిస్తుంది. దారి తెలిసినప్పుడు కారంతా కప్పనక్కర్లేదు. దారికి అడ్డంగా ఒక రేకు చాలు.

ముందు చక్రానికి వెనక, వెనక చక్రానికి ముందు

ముందు చక్రం వెనక్కు విసిరే మట్టి నేరుగా కారు నడుము మీద పడుతుంది. సస్పెన్షన్ ఆర్ములు, స్టీరింగ్ సర్వో, బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్ ఉండేది అక్కడే. కాబట్టి ముందు చక్రానికి మడ్‌గార్డు ప్రధానంగా వెనకవైపు, కిందిదాకా ఉండాలి.

వెనక చక్రం కథ వేరు. అది వెనక్కు విసిరే మట్టి కారును దాటి గాలిలోకి పోతుంది, కారుకు నష్టం లేదు. పైదాకా వచ్చి ముందుకు దూకే తుంపరే ప్రమాదం. అది మోటారు, గేరు, షాక్ అబ్జార్బర్ల వైపు పోతుంది. కాబట్టి వెనక చక్రానికి రక్షణ పైన, ముందువైపు కావాలి.

రోడ్డు మీది లారీకి, ఆటోకి వెనక చక్రం వెనకే రబ్బరు ఫ్లాపు వేలాడుతుంది. అది వెనక వచ్చేవాళ్ల కోసం. ఆర్‌సీ కారు మడ్‌గార్డు ఆ కారు కోసమే. లారీని చూసి నకలు చేస్తే సరైన చోట పెట్టినట్టు కాదు.

ముందు చక్రం మడ్‌గార్డు ఎలా ఉండాలో చూడాలంటే చార్మినార్‌కు దగ్గర్లోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. అక్కడ నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉంది. మట్టి దారుల కాలపు కార్ల మడ్‌గార్డు చక్రం మీదుగా వంపు తిరిగి, వెనకవైపు కిందికి వాలి, కాలు పెట్టి ఎక్కే పలకతో కలిసిపోయేది. అందం కోసమే అలా మలిచారనిపిస్తుంది. ఆ వాలు ఉన్నది మాత్రం సరిగ్గా బురద దారికి అడ్డంగా.

మన మట్టి బలం

హైదరాబాద్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద కూర్చున్న ఊరు. ఆ రాయి శిథిలమై వచ్చిందే మన మొరం, చెలక మట్టి. అందులో క్వార్ట్‌జ్ రేణువులు మెండు. మోస్ కాఠిన్యపు కొలమానంలో క్వార్ట్‌జ్ విలువ 7. దానితో పాటు ఉండే ఫెల్‌స్పార్ విలువ 6. ఇత్తడి 3 దగ్గర, అల్యూమినియం 3 లోపే. కాబట్టి గేర్ల మధ్య చిక్కిన ఒక్క ఇసుక రేణువు ఆకురాయి పని చేస్తుంది. పదో వంతు సైజు కార్లలో చక్రం బేరింగ్ కొలత చాలాసార్లు లోపలి వ్యాసం 5, బయటి వ్యాసం 11, మందం 4 మిల్లీమీటర్లు. అంత చిన్న బేరింగులో గోళీలు తిరగడానికి ఉండే సందు మిల్లీమీటరులో అతి చిన్న భాగం. ఒక్క చిటికెడు తడి మట్టి గ్రీజును తోసేసి, తుప్పు పట్టించడానికి చాలు.

1979లో జపాన్‌కు చెందిన తమియా కంపెనీ రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే ఆఫ్‌రోడ్ ఆర్‌సీ బగ్గీలను తెచ్చింది. నీరు, ఇసుక లోపలికి పోకుండా రేడియో సామగ్రిని పారదర్శకమైన డబ్బాలో మూసి పెట్టింది. ఎలక్ట్రానిక్స్‌కు అది మంచి ఉపాయం. కాని తిరిగే చక్రాన్ని, ఊగే ఆర్మును, వేడెక్కే మోటారును డబ్బాలో పెట్టలేం. మోటారును గుడ్డతో చుట్టేస్తే మట్టి ఆగుతుంది, వేడి కూడా లోపలే ఆగుతుంది. మడ్‌గార్డు మట్టిని దారిలోనే ఆపుతుంది, గాలిని ఆపదు. దాని గొప్పతనం అక్కడే ఉంది.

మట్టి జిగురు అంతా నీటి పాళ్లలో ఉంది. జొన్నరొట్టె పిండి కలిపే చేతులకు ఇది బాగా తెలుసు. నీళ్లు తక్కువైతే పొడిపొడిగా రాలుతుంది, ఎక్కువైతే జారిపోతుంది, నడుమ ఒక దశలో చేతికి అంటుకుని వదలదు. మట్టికీ ఇలాంటి హద్దులు ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అట్టర్‌బర్గ్ 1911లో ప్రతిపాదించాడు. నేటికీ సివిల్ ఇంజినీర్లు ఆయన పేరుతోనే ఆ హద్దులను కొలుస్తారు. జోరువానలో కన్నా, వాన వెలిసి నేల సగం ఆరినప్పుడే కారుకు మట్టి ఎక్కువ పట్టేది అందుకే.

బిర్యానీ డబ్బా ఇంజినీరింగ్

మడ్‌గార్డుకు ఏ పదార్థం మంచిది? దెబ్బకు పగలకుండా వంగాలి, తేలికగా ఉండాలి, మట్టి అంటకూడదు. ఈ మూడు గుణాలూ ఉన్న ప్లాస్టిక్ పాతబస్తీలో ప్రతి ఇంటికీ వస్తూనే ఉంటుంది. బిర్యానీ, హలీం పార్సిళ్లు వచ్చే డబ్బాల్లో చాలావాటి అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. అంటే అది పాలీప్రొపిలీన్. ఒకే గీత మీద వేలసార్లు మడిచినా తెగని ప్లాస్టిక్ ఇది. నొక్కి తెరిచే సీసా మూతల మడత బందును దీనితో చేసేది అందుకే. నీటికన్నా తేలిక. దీని ఉపరితలం నీటిని దగ్గరకు రానివ్వదు కాబట్టి మట్టి ఎండాక పొలుసులా ఊడుతుంది.

ఆ గుణానికి ఒక ఇబ్బంది తోడుగా వస్తుంది. మట్టి అంటని చోట జిగురు కూడా అంటదు. మామూలు గమ్ముతో, టేపుతో అతికిస్తే రెండు దూకుళ్లకు ఊడుతుంది. కాబట్టి 3 మిల్లీమీటర్ల స్క్రూలతో, వెడల్పు వాషర్లతో, లేదా జిప్ టైలతో బిగించాలి.

కొలత, కోత ఇలా. ముందు పాత వార్తాపత్రికతో నమూనా కోయండి. టైరు వెడల్పుకు ఇరువైపులా కాస్త అదనంగా ఉంచండి. అది సరిపోయాకే డబ్బా మీద పెట్టి గీసుకుని కత్తిరించండి. ప్రతి మూలనూ గుండ్రంగా కోయండి. పదునైన మూల దగ్గర ఒత్తిడి పోగై అక్కడినుంచే చీలిక మొదలవుతుంది. రంధ్రాలు డ్రిల్లుతో నున్నగా వేయండి. రేకును వేడి చేసి వంచనక్కర్లేదు, మంట తగిలితే ముడుచుకుపోతుంది. చల్లగానే వంచి రెండు చోట్ల బిగిస్తే తన వంపును తానే నిలుపుకుంటుంది.

కింది అంచు దగ్గర మాత్రం గట్టి రేకు పనికిరాదు. కారు ఎగిరి పడ్డప్పుడు అది నేలకు తగిలి ఊడుతుంది. అక్కడ పంక్చర్ కొట్టులో దొరికే పాత సైకిల్ ట్యూబు ముక్క వేలాడదీయండి. రాయి తగిలితే వంగి మళ్లీ నిలబడుతుంది. రేకు చివరను కొంచెం బయటికి వంచితే జారే నీళ్లు లోపలికి కాక బయటికి కారతాయి. ఇంటి చూరుకు పెట్టే వాలు లాంటిదే ఇది.

బరువు? 0.6 మిల్లీమీటర్ల మందంతో, 100 చదరపు సెంటీమీటర్ల రేకు 5 గ్రాముల పైచిలుకు తూగుతుంది. నాలుగూ కలిపి 22 గ్రాములు. కారు బరువు 2 కిలోల పైన. మడ్‌గార్డు లేక కారు అడుగున 400 చదరపు సెంటీమీటర్ల మేర 2 మిల్లీమీటర్ల తడిమట్టి పేరుకుంటే దాని బరువు 140 గ్రాములు దాటుతుంది. 22 గ్రాములు మోసి 140 గ్రాములు తప్పించుకోవడం లాభమే.

రుమాలీ రోటీ, టైరు ఉబ్బు

మడ్‌గార్డుకు, టైరుకు మధ్య ఎంత సందు ఉంచాలి? పాతబస్తీ హోటల్లో రుమాలీ రోటీ చేసే మాస్టర్ చేతులు గమనించండి. పిండి ముద్దను చేతుల మీద తిప్పుతూ గాలిలోకి ఎగరేస్తాడు. తిరిగే కొద్దీ అది విశాలమవుతుంది. అంచులోని ప్రతి ముక్కా బయటికి పోవాలని చూస్తుంది కాబట్టి పిండి సాగుతుంది. ఆర్‌సీ టైరు మెత్తటి రబ్బరు. బరువుకు 200, 800 రెట్ల బలం మీద అదీ అలాగే బయటికి సాగి వ్యాసం పెంచుకుంటుంది. ఇంగ్లిష్‌లో దీన్ని బెలూనింగ్ అంటారు, మనం ఉబ్బు అనుకుందాం. నిలిచి ఉన్న టైరుకు సరిగ్గా సరిపోయిన మడ్‌గార్డు, పరుగెత్తే టైరుకు రాసుకుంటుంది.

కాబట్టి సందు చిటికెన వేలి మందం, అంటే సుమారు ఒక సెంటీమీటరు ఉంచండి. ఉబ్బుకూ చోటుంటుంది, చిన్న రాళ్లు ఇరుక్కోకుండా దాటిపోతాయి. తర్వాత రెండు పరీక్షలు చేయండి. కారును చేత్తో పూర్తిగా కిందికి నొక్కి, షాక్ అబ్జార్బర్లు చివరిదాకా దిగినప్పుడు టైరు తగులుతోందా చూడండి. అలా నొక్కి ఉంచి, చక్రాలను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి చూడండి. మడ్‌గార్డును సస్పెన్షన్ ఆర్ముకు బిగిస్తే అది చక్రంతో పాటే ఎగిరి దిగుతుంది కాబట్టి తక్కువ సందు చాలు, కాని ఆర్ము బరువు కాస్త పెరుగుతుంది. చట్రానికి బిగిస్తే బరువు ఇబ్బంది లేదు, కాని సస్పెన్షన్ మొత్తం కదలికకు చోటు వదలాలి. ఎక్కువ దూకే కారుకు చట్రమే మేలు, నేలను అంటిపెట్టుకుని పరుగెత్తే కారుకు ఆర్ము మేలు.

మడ్‌గార్డు విప్పాల్సిన చోటు

నగరం దాటి వికారాబాద్ వైపు వెళ్తే నేల మారుతుంది. అక్కడ గ్రానైటు మీద దక్కను లావా పొరలు పరుచుకుని ఉన్నాయి. బసాల్టు శిథిలమై నల్లరేగడి అయింది. రేగడిలో నీటిని పీల్చి ఉబ్బే బంకమట్టి ఖనిజాలు ఎక్కువ. రేగడి ఊళ్లలో వానాకాలం సైకిల్ తొక్కినవాళ్లకు అనుభవమే, పది గజాలు పోయేసరికి మడ్‌గార్డు కింద మట్టి కూరుకుని చక్రం బిగుసుకుంటుంది. దిగి పుల్లతో గీకి, మళ్లీ ఎక్కాలి. ఆర్‌సీ కారులో అలా బిగుసుకుంటే మోటారు తిరగలేక కరెంటు లాగుతూనే ఉంటుంది. మోటారు, స్పీడ్ కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది. మొరం నేలలో కాపాడిన మడ్‌గార్డే రేగడిలో చెరుపు చేస్తుంది. అక్కడ సందు రెట్టింపు చేయండి, లేదా విప్పేసి నడపండి. అందుకే శాశ్వతంగా అతికించకుండా స్క్రూలు, జిప్ టైలు వాడమన్నది.

ఆట అయ్యాక ముందు బ్యాటరీ తీసేయండి. మడ్‌గార్డులు విప్పి, వెనక దాగిన తడిమట్టిని మెత్తటి బ్రష్షుతో దులపండి. జోరుగా కొట్టే పైపు నీళ్లు మట్టిని బేరింగుల్లోకే నెడతాయి, అలా కడగకండి. ఆరబెట్టి, బేరింగులకు ఒక్కో చుక్క నూనె వేయండి.

ఇంట్లో ఆర్‌సీ కారు ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. మడ్‌గార్డు కొనేముందు పిల్లల చేతికి ముగ్గుపిండి, నల్ల కాగితం, కడిగిన బిర్యానీ డబ్బా ఇవ్వండి. బురద దారి ఎటో వాళ్లనే కనిపెట్టనివ్వండి. కత్తెర దగ్గర, తిరిగే చక్రం దగ్గర మాత్రం మీరు పక్కన ఉండండి.